మోటారు సైకిలుకు కాపలా: మీట నుండి రహస్య సంఖ్య వరకు

అనంతపురమునకు ఉత్తరమున, హైదరాబాదు–బెంగుళూరు రహదారి ప్రక్కన మా గార్లదిన్నె ఉన్నది. వానలు చాలని ఈ మెట్టసీమలో మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. చేనికి పోవుటకు, వేరుసెనగ విత్తనపు మూట తెచ్చుటకు, బిడ్డను బడికి చేర్చుటకు అదే ఆధారము. బండిని దొంగ తోలుకొనిపోయినాడనగా కాడి ఎద్దు పోయినంత నష్టము.

ఈ మధ్య ఒక మెకానిక్కు షెడ్డులో జరిగిన సంభాషణ ఈ వ్యాసమునకు కారణము. ఒక రైతు తన కుమారుని స్కూటరు ప్రమాదములో దెబ్బతినగా, దానిలోని కాపలా సామగ్రిని తన పాత మోటారు సైకిలుకు మార్చుమని అడిగినాడు. స్కూటరులో రెండు సాధనములు ఉన్నవి. ఒకటి, బజారులో కొని బిగించిన అలారము. రెండవది, అసలు తాళంచెవి దగ్గర లేనిదే ఇంజనును కదలనీయని ఇమ్మొబిలైజరు. ఇది ఫ్యాక్టరీలోనే అమర్చినది.

"సైరను వస్తాదన్నా, బీగం రాదు," అన్నాడు మెకానిక్కు. (మా ప్రాంతమున తాళమును బీగమందురు.)

"రెండూ నా దుడ్డుతో కొన్నివే గదా, ఒకటి వచ్చి ఇంకొకటి ఎందుకు రాదు?" అన్నాడు రైతు. ప్రక్కనే ఉన్న నా విద్యార్థి "ఎందుకు సార్?" అని నా వైపు తిరిగినాడు. ఆ పూట నేను సరిగా చెప్పలేకపోతిని. చెప్పవలెనన్నచో నూరేళ్ళకు పైగా వెనుకకు పోవలసియున్నది.

అయస్కాంతము, తీగచుట్ట ఒకదానికొకటి ఎదురుగా కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లో చూపినాడు. ఈ సూత్రముపై పనిచేయు మాగ్నెటోను జర్మనీకి చెందిన రాబర్ట్ బాష్ సంస్థ 1897లో ఒక మూడు చక్రముల మోటారు బండికి అమర్చినది. మాగ్నెటోకు బ్యాటరీ అక్కరలేదు. ఇంజను తిరిగిన చాలును, పెట్రోలును మండించు నిప్పురవ్వ దానంతట అదే పుట్టును. ఇంజనును ఆపుటకు ఆ విద్యుత్తును ఎర్తు చేసిన చాలును. కనుక తొలినాటి బండికి తాళంచెవితో పని లేదు. స్టార్టు చేయగలవాడెవడైనను దానికి యజమానియే!

తరువాత బ్యాటరీ వచ్చినది, దానితో తాళంచెవి వచ్చినది. కాని కొన్ని పాత జర్మను మోటారు సైకిళ్ళ తాళంచెవి పళ్ళు లేని మేకు వంటిది. ఒక బండి చెవి మరొక బండికి పట్టును. "తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అన్న సామెతకు ఇంతకన్న మంచి ఉదాహరణము నాకు దొరకలేదు. మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు సంస్థ, 1961లో మైసూరులో జావా సంస్థ ఏర్పడి మోటారు సైకిళ్ళు విరివిగా వచ్చిన తరువాత కూడ, చాలాకాలము వరకు బండికి కాపలా హ్యాండిలు తాళము, ఇనుప గొలుసు, ఇరుగుపొరుగువారి కన్ను మాత్రమే.

అయితే ఇంజనును కట్టివేయు ఆలోచన ఇటీవలిది కాదు. 1919లోనే అమెరికాలో సెయింట్ జార్జి ఎవాన్స్, ఎడ్వర్డ్ బిర్కెన్‌బ్యూయెల్ అనువారు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందినారు. కారులో మూడు వరుసలలో మూడేసి మీటలుండును. యజమాని కూర్చిన అమరిక ప్రకారము మీటలు ఉన్నచో విద్యుత్తు స్పార్కు ప్లగ్గులకు పోవును. లేనిచో ఇంజను కదలదు, పైగా హారను మ్రోగును. మీటకు రెండేసి స్థితులనుకొన్నచో తొమ్మిది మీటలకు 512 అమరికలు. అలారము, ఇమ్మొబిలైజరు ఒకే పెట్టెలో పుట్టిన కవలలని చెప్పవచ్చును. ఆ కవలలు తరువాత విడిపోయినవి.

ముందుగా అలారము సంగతి చూతము. బజారులో దొరకు అలారములో అదరును పసిగట్టు సాధనము, సైరను, రిమోటు సంకేతమును అందుకొను భాగము, సాధారణముగా ఒక రిలే ఉండును. రిలే అనగా చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును తెరచి మూయు మీట. మా మండలమున పెనకచర్ల వద్ద మిడ్ పెన్నారు జలాశయమున్నది. అచటి కాలువకు తూము ఎట్టిదో ఇగ్నిషను తీగకు రిలే అట్టిది. అలారము బిగించువాడు తీగను ఒకచోట కోసి, నడుమ ఈ తూమును పెట్టును. కావున అలారమును తీసివేయుట అనగా పెట్టెను ఊడబెరుకుట కాదు; తెగిన కాలువను మరల గట్టిగా కలుపుట. నా పాత బండి నుండి అలారము తీయించినప్పుడు ఆ తీగను చేతితో మెలిపెట్టి పైన టేపు చుట్టి పంపినారు. మూడు వారములకే నడియెండలో రోడ్డు మీద బండి ఆగిపోయినది. తీగను టంకముతో అతికి, మంచి తొడుగు వేసియున్నచో నాకు నాలుగు మైళ్ళ నడక తప్పియుండెడిది.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క ఒకటి ఉన్నది. బండి ఆగియున్నప్పుడు కూడ అలారము మేల్కొనియుండవలెను గదా. అది 20 మిల్లీ ఆంపియర్లు వాడుచున్నదనుకొన్నచో రోజుకు 480 మిల్లీ ఆంపియర్ గంటలు ఖర్చగును. 5 ఆంపియర్ గంటల బ్యాటరీ పది దినములలో ఎండిపోవును. దొంగ రాకపోయినను కాపలావాడే ధాన్యము తినివేసినట్లు! పాత అలారమును వేరొక బండికి మార్చునప్పుడు దాని వోల్టేజితోబాటు ఈ లెక్క కూడ చూడవలెను.

ఇక రెండవ కవల. 1986లో అమెరికాలో జనరల్ మోటార్సు వారు కార్వెట్ కారు తాళంచెవిలో ఒక చిన్న నిరోధమును పొదిగినారు. చెవిని త్రిప్పగనే బండి ఆ నిరోధమును కొలిచి, విలువ సరిపోయిననే ఇంజనును వదలును. ఓమ్ నియమము తెలిసిన విద్యార్థికి ఇది సులభముగా అర్థమగును. కాని వాడిన విలువలు పదిహేను మాత్రమే. 1919 నాటి 512 నుండి 15కు దిగినామన్నమాట!

అసలు మార్పు 1990 దశకమున వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆకాశములో వచ్చు విమానము తమదో శత్రువుదో తెలిసికొనుటకు రేడియో ప్రశ్న పంపి, తమ విమానము నుండి జవాబు రప్పించు పద్ధతి ఉండెడిది. ఆ పద్ధతియే కుంచించుకొని తాళంచెవి తలలోనికి వచ్చినది. చెవిలోని చిప్పుకు బ్యాటరీ ఉండదు. తాళము చుట్టునున్న తీగచుట్టలో విద్యుత్తు అటునిటు మారుచుండగా, చెవిలోని చిన్న చుట్టలో విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొనును. చేని గట్టున నిలిచిన ట్రాన్స్‌ఫార్మరు చేయు పనియే ఇదియును.

మేల్కొన్న చిప్పు పలుకునదేమి? తొలి చిప్పులు ఒకే సంఖ్యను అప్పగించెడివి. తరువాతి వాటి పద్ధతి మరింత చతురమైనది. ఇద్దరు బాలురు ఎవరికిని తెలియని ఒక గుణకార సూత్రమును ముందుగా కూడబలుకుకొన్నారనుకొనుడు. ఒకడు ఏదో ఒక సంఖ్య చెప్పును. రెండవవాడు సూత్రముతో దానిని మార్చి జవాబు చెప్పును. పొంచి వినువానికి ఆ ఒక్క జవాబుతో లాభము లేదు. రేపటి ప్రశ్న వేరు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన ఒక చిప్పులో రహస్య సంఖ్య 40 బిట్లు, అనగా లక్ష కోట్లకు పైగా అవకాశములు. అయినను 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలల పరిశోధకులు దానిని ఛేదించి చూపినారు. అటుపై సంఖ్యల పొడవు పెరిగినది.

ఇట్టి సాధనము వలన దొంగతనము నిజముగా తగ్గినదా? జర్మనీ, బ్రిటను దేశములలో 1998 నుండి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయినది. నెదర్లాండ్స్‌లో వాన్ అవర్స్, వొల్లార్డ్ అను ఆర్థికవేత్తలు 1995–2008 నడుమ లెక్కలు పరిశీలించి, దీని వలన కార్ల దొంగతనములు సుమారు 40 శాతము తగ్గినవని తేల్చినారు. ఇంకను స్పష్టమైన ఉదాహరణము ఒకటి మన ఎరుకలోనిదే. ఇదే రహదారి మీద దక్షిణముగా పోయినచో పెనుకొండ సమీపమున ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. ఈ కియా, దాని సోదర సంస్థ హ్యుండయ్ అమెరికాలో 2011–2021 నడుమ అమ్మిన కార్లలో అనేకములకు ఇమ్మొబిలైజరు లేదు. ఆ లోపము 2021–22లో యువకుల నోట బడి దొంగతనములు విపరీతముగా పెరిగినవి. 2023లో సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేరు సవరణ ప్రకటింపవలసి వచ్చినది. ప్రక్కనున్న కెనడాలో 2007 నుండియే చట్టము దీనిని తప్పనిసరి చేసియుండుటచే అచట ఆ బెడద రాలేదు. ప్రయోగశాలలో కూడ ఇంత చక్కని పోలిక దొరకుట అరుదు.

మన ద్విచక్ర వాహనములకు ఈ విద్య ఆలస్యముగా వచ్చుటకు కారణమున్నది. ఇంజనుకు మెదడు ఉన్నప్పుడే దానికి గుర్తుపట్టు శక్తి నేర్పవచ్చును. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు అమలు కాగా, కార్బ్యురేటరు పోయి, పెట్రోలును లెక్కకట్టి వదలు చిన్న కంప్యూటరు మామూలు బండ్లకు కూడ వచ్చినది. 2023లో హోండా సంస్థ ఆక్టివా స్కూటరులో ఒక నమూనాను, జేబులోని చిన్న సాధనము రెండు మీటర్ల లోపల ఉన్ననే స్టార్టగునట్లు చేసినది.

ఇప్పుడు రైతు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. అలారము తీగలలో ఉన్నది. తీగలు విప్పినచో వచ్చును. ఇమ్మొబిలైజరు ఒక వస్తువు కాదు. చెవికి, ఇంజను మెదడుకు నడుమనున్న ఒడంబడిక. పెట్టెను విప్పి కార్బ్యురేటరు బండికి తగిలించినచో, అచట దాని ప్రశ్నకు జవాబు చెప్పువారు లేరు, దాని ఆజ్ఞను వినువారును లేరు. అదే రకము బండికి మార్చవలెనన్నను మెదడు, చెవి, తాళము మూడును కలిసి పోవలెను. లేదా కంపెనీ వర్క్‌షాపులో యజమాని పత్రములు చూపి కొత్త చెవిని బండికి పరిచయము చేయించవలెను. పాత బండి కొనువారు రిజిస్ట్రేషను పత్రముతోబాటు ఉన్న చెవులన్నియు అడిగి తీసికొనుట అందుకే. అమ్మినవాని వద్ద ఒకటి మిగిలినచో బండి వానిని కూడ యజమానిగానే గుర్తించును.

మరల షెడ్డుకు పోయినప్పుడు ఇదంతయు మెకానిక్కుకు చెప్పితిని. "నేను చెప్పిందీ అదే గదా సార్," అని నవ్వినాడు. రైతు బండికి సైరను బిగించినాడు. స్కూటరును తుక్కుగా అమ్మక, దాని చెవులు రెండింటిని తీగతో హ్యాండిలుకు కట్టి, కొత్త ముందు చక్రము కొరకు ఆర్డరు పెట్టినాడు.