అమెరికా మాజీ సైనికుల ధూమపాన విరమణలో మెదడు ఉద్దీపన: మామూలు చికిత్సతో జోడించే ముందు తేలవలసినవి

1975 దాకా అమెరికా సైన్యం తన సైనికుడికిచ్చే తిండి పొట్లంలో సిగరెట్లు కూడా పెట్టేది. రెండో ప్రపంచ యుద్ధంలో, కొరియాలో, వియత్నాంలో బిస్కెట్లు, కాఫీ పొడి, అగ్గిపుల్లలతో పాటు అవీ పూటపూటా చేతికందేవి. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1964లో సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పాక కూడా పదకొండేళ్లు ఈ పంపకం సాగింది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పొగతాగేవారికి ప్రత్యేకంగా చోటు చూపాలంటూ 1992లో అమెరికన్ కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసింది. ఆ ఆసుపత్రుల ఆవరణలు పూర్తిగా పొగరహితమయ్యేసరికి 2019 అక్టోబరు వచ్చింది. కాబట్టి ఈ అలవాటును వ్యక్తి బలహీనతగా చూసే వాదన ఇక్కడ చెల్లదు. అలవాటు చేసిన ప్రభుత్వానిదే మాన్పించే పూచీ కూడా.

ఆ పూచీ బరువు ఎంతో కొన్ని లెక్కలు చెబుతాయి. 2010-15 మధ్య జరిగిన జాతీయ సర్వేల్లో మాజీ సైనికుల్లో 29.2 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2010లో వైద్యానికి చేసిన ఖర్చులో సుమారు 270 కోట్ల డాలర్లు పొగతాగడం వల్ల వచ్చిన జబ్బులకే పోయాయని అంచనా.

ఈ శాఖ ఆసుపత్రుల్లో మామూలు చికిత్సకు కొదవ లేదు. కౌన్సెలింగ్ ఉంది, నికోటిన్ ప్యాచ్, గమ్ ఉన్నాయి, బ్యుప్రోపియాన్, వెరెనిక్లిన్ మాత్రలున్నాయి, ఫోన్‌లో సలహా చెప్పే ఏర్పాటూ ఉంది. మానసిక రోగులకు వెరెనిక్లిన్ ఇస్తే ప్రమాదమన్న భయం కొన్నేళ్లు వెన్నాడింది గాని, ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఈగిల్స్ ప్రయోగం 2016లో దాన్ని చాలావరకు తీర్చింది. అదే ఏడాది మందు పెట్టె మీది తీవ్ర హెచ్చరికను ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తొలగించింది. మందులున్నాయి, వాటికి రుజువూ ఉంది. అయినా చాలామంది మానలేకపోతున్నారు.

ఎందుకన్నదానికి ఒక కారణం యుద్ధానంతర మానసిక గాయంలో ఉంది. పీటీఎస్‌డీ ఉన్న మనిషికి నిద్ర పట్టదు, చిరాకు తగ్గదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు, మనసు ఒకచోట నిలవదు. సిగరెట్ మానిన మొదటి వారాల్లో ఎవరికైనా వచ్చే ఇబ్బందులూ దాదాపు ఇవే. ఏది గాయం వల్ల వచ్చిందో, ఏది నికోటిన్ అందక వచ్చిందో ఆ మనిషికే తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే, సిగరెట్ వెలిగిస్తే కాసేపు రెండూ సద్దుమణుగుతాయి. పీటీఎస్‌డీ చికిత్స చేసే వైద్యుడే పొగ మాన్పించే చికిత్సా చేస్తే ఎలా ఉంటుందని పది మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 943 మంది మీద పరీక్షించి మైల్స్ మెక్‌ఫాల్ బృందం 2010లో ఫలితాలు ప్రచురించింది. ఏడాది తర్వాత పొగకు దూరంగా నిలిచినవారు 8.9 శాతం. వేరే క్లినిక్కుకు పంపే పద్ధతిలో 4.5 శాతం. రెండింతలన్న మాట నిజమే. కానీ మెరుగైన పద్ధతిలో కూడా నూటికి తొంభై మందికి పైగా మానలేకపోయారన్నదీ అంతే నిజం. మెదడు ఉద్దీపన మీద ఆశ పుట్టింది ఈ మిగిలిన తొంభై మంది గురించే.

ఆ ఆశకు శాస్త్రాధారం 2007లో దొరికింది. పక్షవాతం వంటి కారణాలతో మెదడు దెబ్బతిన్న 69 మంది పొగరాయుళ్లను నసీర్ నక్వీ, హన్నా డమాసియో, ఆంటోయిన్ బెషారా ప్రభృతులు పరిశీలించారు. కణతల లోపలి మడతల్లో దాగి ఉండే ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న 19 మందిలో 12 మంది సిగరెట్‌ను తేలిగ్గా, ఒక్కసారిగా వదిలేశారు. మళ్లీ తాగాలన్న కోరికే వారికి కలగలేదు. ఇతర భాగాలు దెబ్బతిన్నవారిలో మానేసినవాళ్లున్నా, ఇంత సునాయాసంగా మానినవారు మానినవారిలోనూ కొద్దిమందే. ఆకలి, దప్పిక, గుండెదడ వంటి ఒంటి లోపలి కబుర్లను మనసుకు చేరవేసేది ఇన్సులాయే. గాయం చేసిన పనిని గాయం లేకుండా చేయగలమా అన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలైంది.

జవాబుకు వాడిన పరికరం అప్పటికే ఉంది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తలపై ఉంచిన తీగచుట్టలోకి క్షణంలో వెయ్యోవంతు కూడా పట్టని విద్యుత్ ప్రవాహాన్ని వదిలి, దాని అయస్కాంత క్షేత్రంతో పుర్రె తెరవకుండానే మెదడు కణాలను కదిలించి చూపింది. ఇదే ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్. రోగికి మత్తు ఇవ్వరు. చేతి వేళ్లు కదలడానికి ఎంత బలం కావాలో ముందు చూసుకుని, దాన్ని బట్టి మోతాదు నిర్ణయిస్తారు. అమెరికాలో 2008లో కుంగుబాటుకూ, 2020 ఆగస్టులో పొగ మాన్పించడానికీ అనుమతి లభించింది. రెండో దానికి వాడేది మామూలు చుట్ట కాదు. ఇన్సులా దాకా లోతుగా చేరేట్టు మలచిన హెచ్4 చుట్ట.

అనుమతికి మూలమైన ప్రయోగాన్ని అబ్రహం జాంగెన్ బృందం 2021లో ప్రచురించింది. 14 కేంద్రాల్లో 262 మంది పాల్గొన్నారు. మూడు వారాల పాటు పనిదినాల్లో రోజుకొక సిట్టింగు, ఆపై మూడు వారాలు వారానికొకటి, మొత్తం 18. పద్దెనిమిదో వారం దాకా పొగకు దూరంగా ఉన్నవారు అసలు చికిత్సలో 19.4 శాతం, ఉత్తుత్తి చికిత్సలో 8.7 శాతం. (మెక్‌ఫాల్ చూపిన 8.9 పక్కన ఈ అంకెలను పెట్టే ఉబలాటం కలుగుతుంది. పెట్టకూడదు. అది ఏడాది లెక్క, ఇది నాలుగు నెలల పైచిలుకు లెక్క. పైగా ఇది మాజీ సైనికుల కోసం ప్రత్యేకించి చేసిన ప్రయోగమూ కాదు.)

నా దృష్టిలో అసలు విషయం ఆ శాతాల్లో లేదు. సిట్టింగు మొదలయ్యే ముందు, వెనుక ఏం చేశారన్నదానిలో ఉంది. ముందు రోగిని కావాలని రెచ్చగొట్టారు. ఎప్పుడు సిగరెట్ మీదికి మనసు పోతుందో ఊహించుకోమన్నారు, పొగతాగే బొమ్మలు చూపారు. కోరిక రాజుకున్నాకే తీగచుట్ట పని మొదలైంది. ముగిశాక క్లుప్తంగా ప్రోత్సాహపు మాటలు. ఇది అలంకారం కాదని ఇదే పరిశోధకుల వర్గం 2014లో 115 మందితో చేసిన ముందరి ప్రయోగం చెబుతుంది. సెకనుకు పదిసార్లు ఉద్దీపన ఇస్తూ, దానికి ముందు కోరికను కూడా రేపిన వర్గంలో చికిత్స ముగిసేనాటికి 44 శాతం, ఆరు నెలలకు 33 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. మేల్కొని ఉన్న నాడీవలయాన్నే అయస్కాంతం మార్చగలదని దీని వెనుక ఉన్న ఊహ. ఊహ నిజమైతే యంత్రం ఎంత ముఖ్యమో, యంత్రం తాకే వేళకు రోగి మనసులో ఏముందన్నదీ అంతే ముఖ్యం. ఆ వేళ మనసులో ఏముండాలో తీర్చిదిద్దడం మామూలు చికిత్స పని.

ఇక్కడే జోడింపు ప్రయోగాలు నిరాశపరుస్తాయి. ఫ్రాన్స్‌లో బెనోయిట్ ట్రోజాక్ బృందం 2015లో 37 మందికి నికోటిన్ ప్యాచ్‌తో పాటు టీఎంఎస్ ఇచ్చింది. ఉద్దీపన సాగినన్నాళ్లూ తేడా స్పష్టంగా కనిపించింది, ఆ తర్వాత నిలవలేదు. టొరంటోలో బెర్నార్డ్ లే ఫోల్ బృందం వెరెనిక్లిన్‌తో కలిపి ఇన్సులాను ఉద్దీపించిన చిన్న ప్రయోగంలోనూ ఇంచుమించు అదే కథ. రెండు చోట్లా మందునూ యంత్రాన్నీ పక్కపక్కన నడిపారు. పక్కపక్కన నడిపినంత మాత్రాన అవి కలిసి పనిచేసినట్టు కాదు.

కలిసి పనిచేయించడం అంటే ఏమిటో మాజీ సైనికుల మీదే జరిగిన మరో ప్రయోగం చూపింది, అది పొగ గురించి కాకపోయినా. ఇటీవలి యుద్ధాల నుంచి పీటీఎస్‌డీతో తిరిగొచ్చిన 103 మందికి ఆండ్రూ కోజెల్ బృందం మాటల చికిత్స చేసింది. ప్రతి సిట్టింగుకూ సరిగ్గా ముందు కొందరికి అసలు టీఎంఎస్, కొందరికి ఉత్తుత్తి టీఎంఎస్ ఇచ్చింది. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అసలు ఉద్దీపన పొందినవారిలో మెరుగుదల ఎక్కువ, అది ఆరు నెలల దాకా నిలిచింది కూడా. ఉద్దీపన నిమిషాల ముందు, మాట నిమిషాల తర్వాత. పొగ మాన్పించే చికిత్సకు ఈ వరుస ఎందుకు అరువు తెచ్చుకోకూడదు? కోరికను రేపడం, ఉద్దీపించడం, ఆ వెంటనే గంటసేపు ప్రవర్తనా చికిత్స. రెండు నిమిషాల ప్రోత్సాహం అక్కడ చాలదు.

ఆశను అదుపులో ఉంచే అనుభవమూ ఈ ఆసుపత్రుల్లోనే ఉంది. మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 164 మంది మాజీ సైనికుల మీద జెరోమ్ యెసావేజ్ బృందం చేసిన ప్రయోగంలో అసలు చికిత్స పొందినవారిలో సుమారు 41 శాతం కోలుకున్నారు. బాగుంది. కానీ ఉత్తుత్తి చికిత్స పొందినవారిలోనూ సుమారు 37 శాతం కోలుకున్నారు! ఒంటరిగా బతికే మనిషి రోజూ ఒకచోటికి వెళ్లి, తన పేరు తెలిసినవాళ్లతో అరగంట గడిపితే అదీ వైద్యమే. పొగ విషయంలోనూ ఈ చిక్కు తప్పదు: రోజూ వచ్చి వెళ్లడం, ప్రోత్సాహపు మాటలు ఉత్తుత్తి వర్గానికీ దక్కుతాయి.

పైగా రోజూ రావడమన్నదే చాలామందికి సాధ్యం కాదు. పల్లెల్లో ఉండే మాజీ సైనికుడికి టీఎంఎస్ కేంద్రం గంటల దూరం. వచ్చినవాళ్లందరికీ ఇవ్వనూ లేరు. తలలో బాంబు తునకలు మిగిలి ఉంటే అయస్కాంతం దగ్గరికి రానివ్వకూడదు. బాంబు పేలుళ్లలో మెదడు దెబ్బతిన్నవారికి మూర్ఛ వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ. టీఎంఎస్ వల్ల మూర్ఛ రావడం బహు అరుదే గాని అసలు లేకపోలేదు. బ్యుప్రోపియాన్ కూడా మూర్ఛ ముప్పును పెంచే మందే. కాబట్టి మామూలు చికిత్సకు ఉద్దీపనను జోడిద్దామన్నప్పుడు ఏ మందుకు జోడిస్తున్నామో విడమరిచి చెప్పాలి. ప్యాచ్‌తో, వెరెనిక్లిన్‌తో జోడించడం ఒక సంగతి. తల దెబ్బతిన్న సైనికుడికి బ్యుప్రోపియాన్ ఇస్తూ జోడించడం పూర్తిగా వేరే సంగతి.

మన దేశపు పాఠకుడికి ఇందులో పనికొచ్చేది పరిమితమే. 2016-17 జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలో పొగతాగే పెద్దలు 10.7 శాతమైతే, ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. సిగరెట్ బొమ్మతో, లైటర్‌తో కోరికను రేపే పద్ధతి అరచేతిలో సున్నంతో ఖైనీ నలిపే మనిషికి పనికిరాదు. అతనికి తగిన ప్రేరేపణను ఇక్కడే తయారుచేసి, ఇక్కడే పరీక్షించాలి.

మాజీ సైనికుల మీద జరగవలసిన ప్రయోగం రూపం దీన్నిబట్టి కొంత తేలుతుంది. నాలుగు వర్గాలుండాలి: అసలు ఉద్దీపనతో పూర్తి కౌన్సెలింగ్, అసలు ఉద్దీపనతో క్లుప్త కౌన్సెలింగ్, ఉత్తుత్తి ఉద్దీపనతో ఈ రెండూ. వరుస అందరికీ ఒకటే ఉండాలి. పీటీఎస్‌డీ ఉన్నవారిని పక్కన పెట్టకుండా ప్రత్యేకంగా చేర్చుకోవాలి. ఏడాది దాకా వెంట ఉండాలి. మానారా లేదా అన్నది కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. ప్యాచ్ వాడుతున్న మనిషి సిగరెట్ ముట్టకపోయినా నికోటిన్ నుంచి పుట్టే కొటినిన్ అతని మూత్రంలో కనిపిస్తుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష గడిచిన కొన్ని గంటల సంగతే చెప్పగలదు. అందువల్ల పొగాకులో ఉండి ప్యాచ్‌లో ఉండని అనబేసిన్ కోసం మూత్రాన్ని పరీక్షించవలసి ఉంటుంది.