చెవి ఒకరిది, చేయి ఒకరిది

1996వ సంవత్సరము నవంబరు 12వ తేదీ సాయంకాలము ఆరున్నర దాటిన పిమ్మట ఢిల్లీ విమానాశ్రయమునుండి పడమటి దిక్కునకు లేచిన సౌదియా వారి 763వ నెంబరు విమానమున, ఎడారి దేశములలో రెక్కలు ముక్కలు చేసికొని ఇంటికి నాలుగు రూకలు పంపవలెనను ఆశతో బయలుదేరిన భారతీయులే అధిక సంఖ్యాకులు. ప్రయాణికులు, సిబ్బంది కలిసి 312 మందితో నిండిన ఆ బోయింగ్ 747 దహ్రాను మీదుగా జెడ్డా చేరవలసి యుండెను. అదే సమయమున కజకిస్తాన్ దేశపు చిమ్కెంట్ నగరమునుండి 37 మందితో బయలుదేరిన ఇల్యూషిన్-76 విమానమొకటి అదే మార్గమున ఎదురుగా ఢిల్లీకి దిగి వచ్చుచుండెను. పావుగంట తిరుగకముందే, హర్యానాలోని చర్ఖీ దాద్రీ పట్టణ సమీపమున, ఆ రెండు విమానములును ఆకాశమధ్యమున ఢీకొని పొలములపై కూలినవి. ఉన్న 349 మందిలో ఒక్కరును బ్రతికి బట్టకట్టలేదు. గగనమున రెండు విమానములు ఢీకొనిన దుర్ఘటనలలో ఇంతటి ప్రాణనష్టము కలిగించినది మరియొకటి లేదు.

ఆనాడు యుద్ధవిమానములు లేవు, తుపాను లేదు, యంత్రము చెడలేదు. మాట మాత్రము చేరవలసిన చోటికి చేరలేదు.

ఢిల్లీ చుట్టునుగల ఆకాశములో అధికభాగము వైమానిక దళమునకు ప్రత్యేకింపబడి యుండుటచేత పౌరవిమానములకు మిగిలిన దారి ఇరుకైనది. వచ్చునవియు పోవునవియు ఒకే దారిని నడువవలెను. వాని నడుమ ఎడము కేవలము ఎత్తులోని భేదమే. ఆ సాయంకాలము వచ్చువానికి 15,000 అడుగులు, పోవువానికి 14,000 అడుగులు నిర్ణయింపబడినవి. అనగా వేయి అడుగుల శూన్యమే ఆ మూడువందల ఏబదిమందికి రక్ష. ఆ వేయి అడుగులు నిలిచి యున్నవో లేవో చూడవలసిన కంట్రోలరు ముందున్న రాడారు, విమానము ఏ దిక్కున ఎంత దూరమున నున్నదో చూపగలదు గాని ఎంత ఎత్తున నున్నదో చూపలేదు. బావిలోనికి నిటారుగా తొంగిచూచువానికి నీటిపై తేలు ఆకును, అడుగున నున్న రాయియు ఒక్కచోటనే కనబడునట్లు, ఆతనికి రెండు చుక్కలు ఒకదానివైపు ఒకటి జరుగుట మాత్రమే కనబడుచుండెను. ఎత్తును గూడ తెలుపు క్రొత్త రాడారు ఢిల్లీకి వచ్చియున్నను అప్పటికింకను పనిలోనికి రాలేదు. కావున ఎత్తును గూర్చి ఆతనికి తెలిసినదంతయు పైలట్లు రేడియోలో చెప్పిన మాటయే. కన్ను చేయవలసిన పనిని చెవి చేయవలసి వచ్చెను.

ఆ రేడియో సంభాషణను ఇప్పుడు చదివినను అందులో తొందరపాటు గాని తడబాటు గాని కానరాదు. ఇంకను పైకి పోవుటకు అనుమతి కోరిన సౌదీ పైలటును 14,000 అడుగుల యొద్దనే ఆగి వేచియుండుమని కంట్రోలరు చెప్పగా, అటులనే ఉందునని ఆతడు ఆ సంఖ్యను తిరిగి పలికెను. కజక్ విమానము 15,000 అడుగులకు చేరితినని తెలుపగా, ఆ ఎత్తుననే నిలువుమనియు, సూటిగా ఎదురుగా సౌదీ బోయింగు వచ్చుచున్నది, కంటబడినచో తెలుపుమనియు కంట్రోలరు చెప్పెను. ఎన్ని మైళ్లని వారు మరల అడిగిరి. దూరము చెప్పుచు, ఎదుటి విమానపు ఎత్తు 14,000 అనియు ఆతడు తెలిపెను. చూచుచున్నామని ప్రత్యుత్తరము వచ్చెను. తాము ఉండవలసిన ఎత్తొకటి, ఎదుటివాడున్న ఎత్తొకటి, ఈ రెండు సంఖ్యలును కొలది క్షణముల వ్యవధిలో ఒకే చెవిని పడినవి. ఆ పిమ్మట కంట్రోలరు ఎన్ని పర్యాయములు పిలిచినను బదులు లేదు; తెరపై రెండు చుక్కలు ఒకటై మాయమైనవి. ఆ సమయమున ఇస్లామాబాదు నుండి ఢిల్లీకి వచ్చుచున్న అమెరికా వైమానిక దళపు రవాణా విమాన చోదకుడు, ఒక మేఘము లోపలినుండి నారింజరంగు వెలుగుతో మండిపోవుట చూచి ఆ వార్తను క్రిందికి తెలిపెను.

ఇక కజక్ విమానపు ముందు గదిలో జరిగినది చూడవలెను, ఏలయన ఈ విషాదమునకు కీలకమక్కడనే యున్నది. సోవియట్ పద్ధతిననుసరించి ఆ గదిలో ఐదుగురుందురు. పైలట్లిద్దరు విమానమును నడుపుదురు, నేలతో మాటలాడు బాధ్యత రేడియో ఆపరేటరుది. ఆంగ్లమున వినువాడును పలుకువాడును ఆతడే. అయితే ఎత్తును తెలుపు అల్టీమీటరు ఆతని ముందు లేదు. పైలట్ల భుజములమీదుగా మెడ సాచి వారి పరికరములను చూచుకొనవలసినదే. చుక్కాని పట్టినవారికి ఆ సంభాషణ సరిగా అందదు. అందినవానికి చుక్కాని లేదు, ముల్లును లేదు. పైగా మీటర్లకును కిలోమీటర్లకును అలవాటు పడిన ఆ దళములు అడుగుల లెక్కలో తికమక పడుట కలదని ఢిల్లీ కంట్రోలర్లు అంతకుముందే అనుభవమున ఎరిగియుండిరి.

15,000 అడుగులయొద్ద ఆగవలసిన విమానము ఆగలేదు. మేఘములలో దిగుచునే యుండెను. తాము ఉండవలసిన ఎత్తున లేమని రేడియో ఆపరేటరు గ్రహించి, పైకి లేపుడని కేకవేయునప్పటికి సౌదీ విమానముకంటె క్రిందికి వచ్చియే యుండిరి. కెప్టెను వెంటనే యంత్రములకు బలమిచ్చి విమానమును పైకి లేపెను. లేచుచున్న ఇల్యూషిను తోక బోయింగు ఎడమ రెక్కను తాకెను. ఆ ఆజ్ఞ వినబడకయే పోయినచో, ఆ విమానము అటులనే దిగి ఎదుటిదాని క్రిందుగా దాటిపోవుటకే అవకాశము హెచ్చు. ఆ ప్రయాణమంతటిలో చెవినుండి చేతికి మాట తిన్నగా చేరినది ఆ ఒక్కమారే. ఆ ఒక్కమారును సమయము మించిపోయినది. ఈ ఘట్టమునకు వచ్చినప్పుడెల్ల నాకు ఆ ఆపరేటరుమీద కోపము రాదు, దుఃఖమే కలుగును.

విచారణకు నియమితుడైన న్యాయమూర్తి లాహోటీ, మాస్కోలోను ఇంగ్లండులోని ఫార్న్‌బరోలోను విప్పి చదివిన రికార్డులను పరిశీలించి, నిర్ణీతమైన ఎత్తును విడిచి దిగిన కజక్ విమానముదే దోషమని నిర్ణయించెను. ఆ దళమునకు ఆంగ్లజ్ఞానము చాలకుండుటను, ఐదుగురి నడుమ సమన్వయము లోపించుటను కారణములుగా ఎత్తి చూపెను. పత్రికలలో మొదటి కారణమే ఎక్కువగా మారుమ్రోగెను. భాష రానివాడు చంపినాడను మాట వినుటకు సులభమైనది. కాని అది సగము సత్యమే. ఆపరేటరు 15,000 అను సంఖ్యను విన్నాడు, తిరిగి పలికినాడు. ఆ సంఖ్య ఆతని నోటినుండి నేలకు చేరినంత భద్రముగా, రెండు మూరల దూరమున కూర్చున్న పైలటు చేతికి చేరలేదు.

భాష ఒకటే అయినను ఈ దూరము తొలగదని చెప్పుటకు 1977 మార్చి 27న కానరీ ద్వీపములలోని టెనెరిఫేలో జరిగినది చాలును. దట్టమైన మంచులో డచ్చివారి కేఎల్ఎం విమానము, రన్‌వే మీద ఇంకను పాన్ ఆమ్ విమానముండగనే, ఎగురుటకు అనుమతి రాకయే పరుగు తీసెను. కంట్రోలరు పలుకును, పాన్ ఆమ్ వారి హెచ్చరికయు ఒకేమారు రేడియోలో ఒకదానితో నొకటి పెనగులాడి కీచుధ్వనిగా మారినను, దానినుండి తప్పి వినబడిన ముక్కను పట్టుకొని, ఆ విమానము ఇంకను తొలగలేదా యని డచ్చి ఇంజనీరు తన మాతృభాషలోనే అడిగెను. సీనియరు కెప్టెను తొలగినదని గట్టిగా బదులిచ్చెను. 583 మంది మరణించిరి.

చర్ఖీ దాద్రీ తరువాత ఢిల్లీలో రాకపోకల దారులు వేరుచేయబడినవి. ఎత్తు తెలుపు రాడారు పనిలోనికి వచ్చినది. ఎదురుగా వచ్చు విమానమును తానే పసిగట్టి పైకి పొమ్మనియో క్రిందికి దిగుమనియో చోదకునికి చెప్పు టీకాస్ యంత్రము లేని పెద్ద విమానములకు భారత గగనమున ప్రవేశము నిషేధింపబడెను. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2003లో పైలట్లకును కంట్రోలర్లకును ఆంగ్లభాషా సామర్థ్యమును ఆరు మెట్లుగా విభజించి, నాల్గవ మెట్టును కనీసార్హతగా విధించెను. ఇవన్నియు ఆ 349 మంది మరణమునకు ఆలస్యముగా చెల్లించిన మూల్యము.

అయినను యంత్రము వచ్చిన తోడనే ఒక క్రొత్త చిక్కు వచ్చిపడెను. 2002 జూలై 1వ తేదీ రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ పట్టణము మీద రష్యా విమానమునకు టీకాస్ పైకి పొమ్మని చెప్పగా, జ్యూరిచ్ కంట్రోలరు దిగుమని చెప్పెను. చోదకుడు మనుష్యుని మాటనే విని దిగెను. ఎదుటి సరకుల విమానము తన యంత్రము మాట విని తానును దిగెను. 71 మంది, వారిలో పెక్కండ్రు విహారయాత్రకు బయలుదేరిన బాలబాలికలు, మరణించిరి. ఏ మాటను ఏ మాటపై నిలుపవలెనో అంతవరకు తేటగా లేని నియమమును అటుపిమ్మట సవరించిరి. టీకాస్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు పైలటు దానినే పాటింపవలెను. పాటించుచున్నానని వెంటనే కంట్రోలరుకు తెలుపవలెను. ఆ మాట వినిన కంట్రోలరు, ఆపద గడచినదని పైలటు చెప్పువరకు, ఆ విమానపు గతిని మార్చు ఆదేశమేదియు ఈయరాదు.