దామెర్ల రామారావు: గీసిన చేయి, నిలిపిన చేయి



ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు నేతకును పేరు గన్నవి. చీర అంచున పూవును దిద్దిన నేతగాని పేరు ఆ చీరపై నుండదు. చీర చిరిగిన నాడు ఆ పూవును పోవును. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారల సహకార సంఘమును నెలకొల్పుటచే అచ్చటి మగ్గములకొక ఆధారము కలిగినది. పని చేయు చేయి యొకటి. ఆ పనిని నిలుపు చేయి మరియొకటి. ఈ రెండవదాని విలువను తెలుపు కథ గోదావరీ తీరమున జరిగినది. అది చిత్రకారుడు దామెర్ల రామారావుగారి కథ.

ఆయన 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి కళాశాల ప్రధానాచార్యుడగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. ఆయన ఈ యువకుని నేర్పును గుర్తించి, అజంతా, ఎల్లోరా గుహలను చూపించి, 1916లో బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పంపించెను. అచ్చట నేర్చినది పాశ్చాత్య పద్ధతి. మనసున నిలిచినది అజంతా రేఖ. ఈ రెండింటి కలయికతో రామారావుగారు తెలుగు స్త్రీల నడకను, అలంకారమును, గోదావరి కొండల నీడలను చిత్రించిరి. ‘పుష్పాలంకరణ’, ‘నంది పూజ’, ‘సిద్ధార్థ రాగోదయము’ అందులకు సాక్ష్యములు. 1924లో లండను నగరమందలి వెంబ్లీ ప్రదర్శనమునకును ఆయన చిత్రకళ చేరినది.

రాజమహేంద్రవరమున ఆయన స్థాపించిన చిత్రకళాశాల ఆ కాలమున తెలుగుదేశమునకొక నూతన సంపద. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడ కుంచె పట్టినవారే. కాని 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి ఆయనను కబళించినది. అప్పటికింకను ఇరువది యెనిమిదేండ్లు నిండలేదు.

గురువు పోయిన పాఠశాల మూతపడుట, చిత్రములు చెదరిపోవుట లోకసహజము. ఇచ్చట అట్లు జరుగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాల భారమును తమ భుజములపై వేసికొనిరి. కుటుంబమువారును, శిష్యులును ఆ చిత్రములను కంటికి రెప్పవలె కాపాడిరి. నేడు రాజమహేంద్రవరమున రామారావుగారి పేరనే వెలసిన చిత్రశాలలో మనము వానిని చూడగలుగుట వారి చలువయే.

ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని, మీ యింట పెట్టె యడుగున తాతలనాటి పటమో, అంచు నమూనా కాగితమో ఉండవచ్చును. పాతదని పారవేయకుడు. దాని వెనుక, గీసినవాని పేరు తెలిసినంతవరకు వ్రాసి యుంచుడు. రెండవ చేయి కాదగిన భాగ్యము మనలో ప్రతివారికిని కలదు.