త్రాసుకు అందని నష్టం: మూత్రాశయ శస్త్రచికిత్స చరిత్రలో కండర క్షీణత

మూత్రాశయ క్యాన్సర్ కండర పొరలోకి చొచ్చుకొనిపోయినప్పుడు మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించడం ప్రధాన చికిత్సలలో ఒకటి. ఈ శస్త్రచికిత్స చరిత్రను మూత్రానికి కొత్త దారి ఏర్పరచిన నైపుణ్యపు చరిత్రగా చెప్పడం పరిపాటి. రోగి దేహం అందుకు చెల్లించిన మూల్యం ఆ కథనంలో చాలాకాలం చోటు పొందలేదు.

మాంసం తరిగిపోవడాన్ని రోగలక్షణంగా గుర్తించడం కొత్త విషయం కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 15వ అధ్యాయం మాంసక్షయాన్ని వివరిస్తూ పిరుదులు, చెక్కిళ్లు, తొడలు, పిక్కలు, మెడ ఎండిపోవడాన్ని పేర్కొన్నది. అది కంటితో చేసిన పరీక్ష. అంకెలతో చేసిన పరీక్ష 20వ శతాబ్దానిది. 1930 ప్రాంతంలో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ ఎముకలు విరిగిన రోగుల మూత్రాన్ని పరీక్షించి, గాయం తరువాత నత్రజని అధికంగా బయటకు పోతున్నదని చూపాడు. గాయపడిన దేహం తన కండరాలనే కరిగించుకొంటున్నదన్నమాట. ఆ నష్టాన్ని పట్టి ఇచ్చింది మూత్రమే కావడం మన ప్రస్తుతాంశానికి యాదృచ్ఛికంగా తగిన సంగతి.

1936లో అమెరికాలో హైరమ్ స్టడ్లీ జీర్ణకోశ వ్రణాలకు శస్త్రచికిత్స పొందిన 46 మందిని పరిశీలించాడు. ముందుగానే 20 శాతానికి పైగా బరువు కోల్పోయినవారిలో మూడో వంతు మంది మరణించగా, తక్కినవారిలో మరణాలు 3.5 శాతమే. పరిశీలించినవారి సంఖ్య చిన్నదే అయినా, శస్త్రచికిత్స ఫలితం కత్తి పట్టిన చేతిపైనే ఆధారపడదని ఇంత సూటిగా చెప్పిన పరిశీలన అంతకు ముందు అరుదు.

1950లో యూజీన్ బ్రికర్ చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి కల్పించే పద్ధతిని వివరించాడు. ఇక్కడే పోషణ సమస్య జటిలమయింది. మూత్రాశయ వ్యాధికి చేసే చికిత్స పేగును కూడా కోసి కుట్టవలసినదయింది. పేగు కదలిక మందగిస్తుంది, కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి. పేగు కదిలేదాకా ఆహారం ఇవ్వకపోవడం ఆచారమయింది. పైగా పేగు గోడ మూత్రంలోని ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకొన్నప్పుడు ఏర్పడే ఆమ్లాధిక్యం కండరాల మాంసకృత్తులను మరింత కరిగిస్తుంది. కండరం ఎక్కువగా ఖర్చయ్యే రోజులలోనే రోగిని పస్తు ఉంచారు.

ఈ నష్టానికి 'సార్కోపీనియా' అన్న పేరు 1989లో అచ్చయింది. ఇర్విన్ రోజెన్‌బర్గ్ 'మాంసం', 'లేమి' అనే అర్థాలున్న గ్రీకు పదాలను కలిపి దానిని కల్పించాడు. మొదట అది వార్ధక్యానికి సంబంధించిన మాట. 2008లో కార్లా ప్రాడో బృందం నడుములోని మూడో వెన్నుపూస వద్ద తీసిన సీటీ చిత్రంలో కండర వైశాల్యాన్ని కొలిచి, స్థూలకాయుల్లోనూ ఈ క్షీణత దాగి ఉంటుందని చూపింది. స్టడ్లీ త్రాసుకు అందనిది ఇదే. కొవ్వు నిలిచి కండరం పోయినప్పుడు బరువు మారకపోవచ్చు. మూత్రాశయ రోగులకు వ్యాధి వ్యాప్తి తెలుసుకొనేందుకు సీటీ ఎలాగూ తీస్తారు. 2014లో మేయో క్లినిక్ పరిశోధకులు అటువంటి చిత్రాలతోనే 205 మందిని పరిశీలించి, కండర క్షీణత ఉన్నవారిలో క్యాన్సర్ మరణాలు ఎక్కువని నివేదించారు.

ఈ చరిత్రలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రెండు చోట్ల కనిపిస్తాడు. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించినది ఆయనే. మూత్రాశయ క్యాన్సర్ మందుల కూర్పులో 1980లలో చేరిన మెథోట్రెక్సేట్ ఆయన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినదే.

పస్తు ఆచారాన్ని గట్టిగా ప్రశ్నించినది 1990లలో డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కెలెట్. ఆయన బాటలో వచ్చిన మార్గదర్శకాలు 2013లో మూత్రాశయ తొలగింపునకూ వర్తించాయి: మత్తుకు రెండు గంటల ముందు వరకు పిండిపదార్థాల పానీయం, త్వరగా నోటి ద్వారా ఆహారం, త్వరగా నడిపించడం. అయితే ప్రాడో నిర్ణయించిన కండర పరిమితులు కెనడా రోగులవి. ఒకే బరువులో కండరం తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే భారతీయ దేహానికి వాటిని యథాతథంగా వాడితే ఎవరిని క్షీణించినవారిగా లెక్కించాలన్నదే వివాదాంశమవుతుంది.