నలువది ఏండ్ల దేవాలయము

మోర్మనుల బోధలను మన సంఘము అంగీకరింపదు. అయినను వారు అమెరికాలోని సాల్ట్ లేక్ పట్టణమున దేవాలయము కట్టిన తీరు తెలిసికొనదగినది.

1847 జూలై 24న బ్రిగమ్ యంగ్ ఆ లోయకు చేరెను. జనులు ఇండ్లు కట్టుకొనకముందే, నాలుగవ దినమున, దేవాలయమునకు స్థలము చూపెను. ట్రూమన్ ఏంజెల్ నమూనా గీసెను. 1853 ఏప్రిల్ 6న మూలరాళ్లు వేసిరి. 1858లో ప్రభుత్వ సైన్యము వచ్చుచున్నదని పునాదిని మట్టితో కప్పి, దున్నిన పొలమువలె కనబడునట్లు చేసిరి. తరువాత త్రవ్వి చూడగా రాళ్లలో పగుళ్లు! చెడిన రాళ్లను తీసివేసి మరల కట్టిరి. కంటికి కనబడని పనికి చూపిన ఈ ఓర్పు, నా మట్టుకు, ఆ ఆరు గోపురములకంటె గొప్పది.

సుమారు 20 మైళ్ల దూరమునుండి రాళ్లను ఎడ్లబండ్లపై తెచ్చిరి. ఒక్కొక్క పెద్దరాయికి మూడు నాలుగు దినములు పట్టెడిది. 1873లో రైలు వచ్చి ఆ శ్రమ తగ్గెను. యంగ్ 1877లోను, ఏంజెల్ 1887లోను మరణించిరి. ఇద్దరును ప్రతిష్ఠను చూడలేదు.

1892 ఏప్రిల్ 6న శిఖరపు రాయి నిలిపి, లోపలి పనిని ఒక్క ఏటిలో ముగించిరి. 1893 ఏప్రిల్ 5న ఇతరులకు లోపలంతయు చూపిరి. మరునాడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ప్రతిష్ఠ ప్రార్థన చేసెను. అందరును ఒకేసారి పట్టనందున ఆ నెల 24 వరకు ప్రతిష్ఠారాధనలు జరిగెను. ప్రతిష్ఠ పిమ్మట యోగ్యతాపత్రము గల సభ్యులే లోనికి పోవుదురు. ఎవరు వచ్చినను తలుపు తీయు మన ఆచారమునకును దీనికిని గల భేదము చిన్నది కాదు.

2019 డిసెంబరు 29న ఆ దేవాలయమును మూసి, భూకంపమునకు తాళునట్లు బలపరచుటకు, మరల పునాది క్రిందనే పని మొదలిడిరి.