ఓటు మీది, కుర్చీ మాది: జార్జియా శాసనసభ, 1868



అమెరికా నల్లజాతి ప్రజల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఇప్పటిదాకా పత్తి తోటల గురించి, అంతర్యుద్ధం గురించి, విముక్తి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఒక శాసనసభ గురించి. దక్షిణాదిలోని జార్జియా రాష్ట్ర శాసనసభ. 1868 సెప్టెంబర్ 3న ఆ సభ, జనం ఓట్లేసి గెలిపించిన తన సొంత సభ్యులనే బయటికి పంపింది. లంచం తిన్నారని కాదు, దొంగ ఓట్లు వేయించుకున్నారని కాదు. నల్లవాళ్లు కాబట్టి. తీర్మానానికి అనుకూలం 83, వ్యతిరేకం 23.

నన్ను ఈ కథ వదలకపోవడానికి కారణం, వాళ్లను వెళ్లగొట్టడానికి వాడిన వాదన. మీకు ఓటు హక్కు ఉంది, కాదనం. కానీ పదవిలో కూర్చునే హక్కు ఉందని రాజ్యాంగంలో ఎక్కడ రాసుంది, చూపించండి. ఇదీ దాని సారం. చూపించడానికి ఆ వాక్యం నిజంగానే అక్కడ లేదు. ముసాయిదాలో ఉండింది. తర్వాత తీసేశారు. ఏం చెప్పి తీసేశారన్నదే అసలు సంగతి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1860 జనాభా లెక్కల్లో జార్జియా జనం 10 లక్షల 57 వేలు. అందులో 4,62,198 మంది బానిసలు. నూటికి 44 మంది ఇంకొకరి ఆస్తి. 1865లో యుద్ధం ఓడిపోయాక కూడా అక్కడి తెల్ల దొరలకు ఓడిపోయామన్న ఎరుక లేదు. 1866లో వాళ్ల శాసనసభ అమెరికా సెనేట్‌కు ఎన్నుకుంది ఎవరినో తెలుసా? బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడిగా చేసిన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ని. వాషింగ్టన్ అతన్ని సభలో కూర్చోనివ్వలేదు. 1867లో కాంగ్రెస్ పునర్నిర్మాణ చట్టాలు చేసి దక్షిణాదిని సైన్యం కిందికి తెచ్చింది. నల్లజాతి మగవాళ్లను ఓటర్లుగా నమోదు చేయండి, కొత్త రాజ్యాంగం రాసుకోండి, అప్పుడే మిమ్మల్ని యూనియన్‌లోకి తిరిగి తీసుకుంటాం అని షరతు పెట్టింది. (ఆడవాళ్లకు, ఏ రంగు వాళ్లకైనా, అప్పటికి ఓటు లేదు.) జార్జియాలో నమోదు పూర్తయ్యేసరికి నల్ల ఓటర్లు, తెల్ల ఓటర్లు దాదాపు సమానం. రెండు మూడేళ్ల కిందటి దాకా వేలంలో అమ్ముడుపోయిన మనుషులు వీళ్లు.

1867 డిసెంబర్‌లో అట్లాంటాలో రాజ్యాంగ సభ మొదలైంది. ప్రతినిధుల్లో 37 మంది నల్లవాళ్లు. వాళ్లలో పెద్ద గొంతు హెన్రీ మెక్‌నీల్ టర్నర్‌ది. 1834లో సౌత్ కరోలినాలో పుట్టాడు, బానిసగా కాదు. నల్లవాళ్ల సొంత చర్చి అయిన ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చిలో పాస్టర్. యుద్ధంలో నల్ల పటాలానికి మతగురువుగా పనిచేశాడు. ఇంత చేసిన మనిషి రాజ్యాంగ సభలో చాలా మెత్తగా నడుచుకున్నాడు. కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు క్షమాభిక్ష పెట్టమని అడగడానికి కూడా ముందుకొచ్చాడు. మనం పెద్దమనసు చూపిస్తే వాళ్లూ చూపిస్తారన్న నమ్మకం.

ఓటరుగా అర్హత ఉన్న ప్రతివాడూ పదవికి కూడా అర్హుడే అనే అంశం ముసాయిదాలో ఉన్నప్పుడు, తెల్ల రిపబ్లికన్లు ఇలా నచ్చజెప్పారు: ఇది రాస్తే ఉత్తర జార్జియా కొండ ప్రాంతాల పేద తెల్లవాళ్లు భయపడతారు, రాజ్యాంగమే ఓడిపోతుంది. అయినా రాయాల్సిన పనేముంది? ఓటు హక్కులోనే పదవి హక్కు ఇమిడి ఉంది కదా. నల్ల ప్రతినిధులు నమ్మారు. టర్నర్ కూడా నమ్మాడు. వాక్యం పోయింది.

పోయిన వెంటనే ఏం జరిగిందో చూడండి. యుద్ధకాలంలో జార్జియా గవర్నర్‌గా ఉండి, ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీలోకి దూకిన జోసెఫ్ బ్రౌన్ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఎన్నికల ప్రచారంలో తెల్లవాళ్ల ముందు నిలబడి, ఈ రాజ్యాంగం నల్లవాళ్లకు పదవులు ఇవ్వదు, భయపడకండి అని చెప్పాడు. నల్లవాళ్లకు చెప్పిందేమో పదవి హక్కు ఇమిడే ఉందని. పార్టీ ఒకటే, జెండా ఒకటే. మన దగ్గర ఇలాంటి పార్టీలు మీకు కొత్తేం కాదు.

1868 ఏప్రిల్‌లో రాజ్యాంగం గెలిచింది. రిపబ్లికన్ రూఫస్ బుల్లక్ గవర్నర్ అయ్యాడు. ఓడిపోయింది జాన్ గోర్డన్, కాన్ఫెడరేట్ జనరల్, జార్జియాలో కు క్లక్స్ క్లాన్ పెద్ద అని పేరుపడ్డవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. శాసనసభకు గెలిచిన నల్లవాళ్లను ఇవాళ అక్కడ 'తొలి 33 మంది' అని తలుచుకుంటారు. ముగ్గురు సెనేట్‌కు, మిగతావాళ్లు ప్రతినిధుల సభకు. పాస్టర్లు ఉన్నారు, చేతిపనులవాళ్లు ఉన్నారు, నిన్నటి బానిసలు ఉన్నారు.

జులైలో ఈ సభ 14వ సవరణను ఆమోదించింది. ఆ సవరణలో రెండు సంగతులున్నాయి. అమెరికాలో పుట్టిన ప్రతి మనిషీ పౌరుడే, చట్టం ముందు సమానుడే అన్నది ఒకటి. అమెరికా రాజ్యాంగానికి అధికారికంగా ప్రమాణం చేసి, ఆ తర్వాత తిరుగుబాటులో చేరినవాడు పదవికి అనర్హుడన్నది రెండోది. ఈ లెక్కన జార్జియా సభలో చాలామంది తెల్ల సభ్యులు లేచి వెళ్లిపోవాలి. సభే ఒక కమిటీ వేసుకుంది, అందరూ అర్హులే అని తేల్చుకుంది. పోవాలని రాసి ఉన్నవాళ్లు కూర్చున్నారు. ఉండకూడదని ఎక్కడా రాసిలేనివాళ్లను కొన్ని వారాలకే వెళ్లగొట్టారు.

డెమోక్రాట్లకు ఆ సభలో సొంతంగా అంత బలం లేదు. కొందరు తెల్ల రిపబ్లికన్లు వాళ్లతో కలిసి ఓటేశారు, ఇంకొందరు ఓటేయకుండా తప్పుకున్నారు. టర్నర్ ఆ రోజు మాట్లాడిన ప్రసంగం అమెరికా చరిత్రలో నిలిచిపోయింది. నేను దాన్ని చాలాసార్లు చదివాను. డేవిస్ కోసం క్షమాభిక్ష అడిగిన మనిషి అందులో కనపడడు. నా హక్కుల కోసం మీ ముందు వంగను, బతిమాలను అంటాడు. అసలు ప్రశ్న ఒక్కటే, నేను మనిషినా కాదా అంటాడు. తెల్లజాతిలో ఇంత పిరికితనం ఉంటుందని నాకు తెలియదు అని ముఖం మీదే అంటాడు. చివర్లో తన జనానికి ఒక మాట చెప్తాడు. మీరు మనుషులని జార్జియా ఒప్పుకునేదాకా జార్జియాను కాపాడడానికి ఒక్క వేలు కూడా ఎత్తకండి.

నలుగురిని మాత్రం ఉండనిచ్చారు. ఎందుకో తెలుసా? వాళ్ల ఒంటి రంగు బాగా తెలుపు. ఎనిమిదో వంతు కన్నా ఎక్కువ ఆఫ్రికన్ రక్తం ఉందని నిరూపించలేకపోయారు. ఒక శాసనసభ కూర్చుని సభ్యుల ముత్తాతల రక్తాన్ని లెక్కగట్టింది! ఖాళీ అయిన కుర్చీల్లో ఎన్నికల్లో రెండో స్థానంలో వచ్చిన తెల్లవాళ్లను, అంటే జనం ఓడించినవాళ్లను, కూర్చోబెట్టారు. పది రోజులు తిరక్కుండా సెనేట్ కూడా ట్యూనిస్ క్యాంప్‌బెల్‌ను, జార్జ్ వాలెస్‌ను పంపేసింది. మూడో నల్ల సెనేటర్ ఆరన్ బ్రాడ్లీ, తన మీద ఒక పాత కేసు తవ్వితీస్తే అప్పటికే తప్పుకున్నాడు.

సభలో మొదలైంది సభలో ఆగలేదు. వెళ్లగొట్టబడ్డ సభ్యుల్లో ఒకడు ఫిలిప్ జాయినర్. సెప్టెంబర్ 19న ఆల్బనీ నుంచి కెమిల్లా అనే చిన్న పట్టణానికి ఎన్నికల సభ కోసం కొన్ని వందల మందితో నడిచి వెళ్లాడు, ఎక్కువమంది నల్లవాళ్లే. ఊళ్లోకి రాగానే తుపాకులు పేలాయి. పారిపోయినవాళ్లను చుట్టుపక్కల అడవుల్లో వెతికి వేటాడారు. కనీసం 9 మంది చనిపోయారు, పదుల మంది గాయపడ్డారు. మన కారంచేడు, చుండూరు తెలిసినవాళ్లకు పొలాల్లో వెంటాడి చంపడమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. ఆ నవంబర్ అధ్యక్ష ఎన్నికల్లో నల్లవాళ్లే ఎక్కువగా ఉన్న 11 కౌంటీల్లో రిపబ్లికన్ పార్టీకి ఒక్క ఓటు కూడా నమోదు కాలేదు. ఒక్కటి కూడా!

ఏబ్రమ్ కోల్బీ గురించి కాస్త ఆగి చెప్పాలి. గ్రీన్ కౌంటీ నుంచి గెలిచిన సభ్యుడు, ఒకప్పుడు బానిస. ముందు డబ్బు ఆశ చూపారు. పార్టీ మారితే 5 వేల డాలర్లు, రాజీనామా చేస్తే 2,500. వద్దన్నాడు. 1869 అక్టోబర్ 29 రాత్రి క్లాన్ మూక తలుపులు పగలగొట్టి, మంచం మీద నుంచి లాగి, అడవిలోకి తీసుకెళ్లి మూడు గంటలపాటు కొట్టింది. తల్లి, భార్య, కూతురు ఇంట్లోనే ఉన్నారు. మళ్లీ ఆ పార్టీకి ఓటేస్తావా అని అడిగారు. రేపు ఎన్నిక పెడితే రేపే వేస్తాను అన్నాడు. మళ్లీ కొట్టారు. 1871లో కాంగ్రెస్ విచారణ సంఘం ముందు ఇదంతా తన నోటితో చెప్పాడు. కొట్టినవాళ్లు ఎవరని అడిగితే ఊళ్లో పెద్దమనుషులే అన్నాడు. ఒక లాయరు, ఒక డాక్టరు, కొందరు రైతులు. మూక అంటే తాగుబోతులు, అలగాజనం అనుకునేవాళ్లు ఈ వాంగ్మూలం చదవాలి.

ఇక చట్టం వైపు ఏం జరిగిందో చూద్దాం. 1869లో జార్జియా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసొచ్చింది. సవానా కోర్టులో క్లర్కుగా ఎన్నికైన రిచర్డ్ వైట్ నల్లవాడు కాబట్టి అనర్హుడని ఓడిపోయినవాడు వేసిన కేసు. నల్లవాళ్లు పదవికి అర్హులేనని కోర్టు 2-1తో తీర్పిచ్చింది. ఆ ఇద్దరిలో ఒకడు ప్రధాన న్యాయమూర్తి. ఆయనెవరో కాదు, ప్రచారంలో పదవులు రావని తెల్లవాళ్లకు మాటిచ్చిన జోసెఫ్ బ్రౌనే. తీర్పు వచ్చాక కూడా శాసనసభ తన సభ్యులను వెనక్కి పిలవలేదు.

చివరికి 1869 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి జార్జియాను మళ్లీ సైన్యం కిందికి తెచ్చాకే కదలిక వచ్చింది. 1870 జనవరిలో జనరల్ ఆల్ఫ్రెడ్ టెర్రీ అనర్హులైన పాత కాన్ఫెడరేట్లను ఏరేశాడు, నల్ల సభ్యులు తమ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ సభే 15వ సవరణను ఆమోదించింది, ప్రభుత్వ బడుల చట్టం చేసింది. ఆ 15వ సవరణ రాసేటప్పుడు జార్జియా ఘటన కాంగ్రెస్‌లో అందరి కళ్లముందే ఉంది. ఓటు హక్కుతోపాటు పదవి చేపట్టే హక్కు అన్న మాట కూడా చేర్చాలని సెనేట్ ఒక దశలో ఆమోదించింది. రెండు సభల ఉమ్మడి కమిటీలో ఆ మాట ఎగిరిపోయింది. మళ్లీ అదే కారణం: రాయకపోయినా ఉన్నట్టే, రాస్తే గెలవదు. ఇవాళ అమెరికా రాజ్యాంగం తీసి చూడండి. 15వ సవరణలో ఓటు మాత్రమే ఉంటుంది.

1870 డిసెంబర్ ఎన్నికల్లో డెమోక్రాట్లు సభను చేజిక్కించుకున్నారు. టర్నర్ ఓడిపోయాడు. 1871లో గవర్నర్ బుల్లక్ రాష్ట్రం వదిలి పారిపోయాడు. మెకింటోష్ కౌంటీలో నల్లవాళ్లకు భూమి, బడి, పంచాయతీ సమకూర్చిన ట్యూనిస్ క్యాంప్‌బెల్‌ను 1876లో, అరవై దాటిన వయసులో, ఖైదీలను కూలికి అద్దెకిచ్చే పద్ధతి కింద గొలుసులతో పనికి తోలారు. టర్నర్ బిషప్ అయ్యాడు, ఈ దేశంలో మనకు న్యాయం దొరకదు, ఆఫ్రికా వెళ్లిపోదాం అని బతికినంతకాలం ప్రచారం చేశాడు. మెత్తని మనిషిని అలా మార్చింది ఆ సెప్టెంబరే అని నేననుకుంటాను.

తర్వాత చరిత్ర ఎలా రాశారో కూడా తెలియాలి. అంబేడ్కర్ కొలంబియాలో చదివింది 1913 నుంచి 1916 దాకా. అదే విశ్వవిద్యాలయంలో అప్పుడు విలియం డన్నింగ్ అనే చరిత్రకారుడున్నాడు. నల్లవాళ్లకు పాలన చేతకాదు, పునర్నిర్మాణం ఒక పీడకల అని చెప్పే చరిత్ర బడి ఆయన పేరుతోనే ఉంది. జార్జియా పునర్నిర్మాణం మీద ఆయన శిష్యురాలు మిల్డ్రెడ్ థామ్సన్ రాసిన పుస్తకం 1915లో వచ్చింది. ఈ బడికి గట్టి జవాబు డుబోయిస్ 1935లో రాశాడు. అదే డుబోయిస్‌కు అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాశాడు. అంతకుముందే, 1945లో, గాంధీ-కాంగ్రెస్‌లు అంటరానివాళ్లకు చేసిందేమిటో లెక్క తేల్చిన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ సంగతే ఎత్తాడు. యుద్ధంలో ప్రాణాలిచ్చిన నల్లవాళ్లను ఆ యుద్ధం గెలిచినవాళ్లే ఎలా వదిలేశారో చెప్పి, ఆ గతిని అంటరానివాళ్లు మరిచిపోలేరన్నాడు. రెండేళ్లకు 'రాష్ట్రాలు, అల్పసంఖ్యాకులు' తయారుచేసినప్పుడు రక్షణలన్నీ ఎవరి మంచితనానికీ వదలకుండా అధికరణలుగా రాశాడు. "రాజ్యాంగంలో అందరూ సమానమే అని ఉంది కదన్నా, మళ్లీ ప్రత్యేకంగా రాయడమెందుకు?" అని అడిగే విద్యార్థులకు నేను ఈ రెండు పుస్తకాలనూ జార్జియా పక్కన పెట్టి చదవమంటాను.

అట్లాంటాలో ఉన్న తెలుగు మిత్రులు కొందరు ఈ వరుస చదువుతున్నారు. మీలో చాలామంది ఇళ్లు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో దాదాపు 1,100 మంది నల్లవాళ్లను, అంటే అక్కడున్న దాదాపు అందరినీ, తరిమేశారు. అది వేరే భాగంలో రాస్తాను. ఈలోపు ఒక ఆదివారం శాసనసభ భవనం దాకా వెళ్లి రండి. ఆవరణలో గుర్రం మీద జాన్ గోర్డన్ విగ్రహం ఉంటుంది, 1907లో పెట్టింది. పాత తరం చివరి నల్ల సభ్యుడు సభ వదిలిన ఏడాది కూడా అదే. మళ్లీ ఒక నల్లవాడు, లెరాయ్ జాన్సన్, ఆ సభకు గెలిచింది 1962లో. వెళ్లగొట్టబడ్డవాళ్ల కోసం జాన్ రిడిల్ చేసిన శిల్పం కూడా అదే ఆవరణలో ఉంది. అది వచ్చింది 1978లో.

వచ్చే భాగంలో పక్క రాష్ట్రం సౌత్ కరోలినా. అక్కడి దిగువ సభలో నల్లవాళ్లదే మెజారిటీ.

జై భీమ్.