నలభైతొమ్మిది సెకన్లు

తాటాకిళ్ళ రోజుల్లో మా కొలకలూరులో ఏ కొంపన్నా అంటుకుంటే, తెనాలి నుంచి ఫైరింజను వచ్చేలోపల బిందెలు చేతులు మారేవి. ఆ చేతులు ఆడవా, మగవా అని ఎవరూ అడగలేదు. అదే పనికి జీతమూ, యూనిఫారమూ వచ్చేసరికి మాత్రం "ఆడవాళ్ళకెందుకమ్మా ఇది?" అన్నారు.

1950లలో మొదలైన నాగపూర్ జాతీయ ఫైర్ సర్వీస్ కాలేజీలో మొదటి అమ్మాయి అడుగుపెట్టడానికి 2002 దాకా పట్టింది. ఆమె హర్షిణీ కన్హేకర్. నీళ్ళతో నిండిన గొట్టాలు మోసింది, నిచ్చెనలెక్కింది. చదువయ్యాక 2006లో ఓ.ఎన్.జి.సి.లో ఉద్యోగానికి చేరింది.

"ఎవరో ఒకరు చేశారు లెండి, మరి అందరికీ ఆ దేహదారుఢ్యం ఉంటుందా?" అంటారు. కెనడా కథ చెబుతాను వినండి. టానీ మియోరిన్ అనే ఆమె బ్రిటిష్ కొలంబియా అడవుల్లో మూడేళ్ళు మంటలార్పింది. ఆమె పనికి వంక పెట్టినవారు లేరు. 1994లో కొత్త పరీక్ష వచ్చిపడింది: రెండున్నర కిలోమీటర్లు 11 నిమిషాల్లో పరుగెత్తాలి. పాపం, నాలుగుసార్లు పరుగెత్తింది. అన్నిటికన్నా బాగా పరుగెత్తినప్పుడు కూడా 49 సెకన్లు ఎక్కువ పట్టింది. ఉద్యోగం పోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ వేగం లేనివాళ్ళు ఈ పని క్షేమంగా చేయలేరని ప్రభుత్వం రుజువు చేయలేకపోయింది. 1999లో ఆమె ఉద్యోగం ఆమెకిచ్చేయమని తీర్పు.

పరీక్షలు తేలిక చేయమని నేననను. మన పిల్లల్ని మంటల్లోంచి ఎత్తుకొచ్చేవాళ్ళకు బలం ఉండాల్సిందే. ఎంత బరువైనా మోయించండి, ఎంత ఎత్తైనా ఎక్కించండి. ఆ కొలత ఎక్కణ్ణుంచి తెచ్చారో అదొక్కటీ చెప్పండి చాలు.